అప్పన్న పేరిట తెల్ల లాంతరు

యీషున్‌లో నేను అద్దెకున్న ఫ్లాట్ కుమారమ్మ ఆంటీది. వై టూ కే పుణ్యమా అని ప్రోగ్రామర్లకు సింగపూర్‌లో ఉద్యోగాలు దొరుకుతున్న రోజులవి. గదులే దొరికేవి కావు. ఆంటీ తాత తెల్లవాళ్ళ కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. బడి క్యాంటీన్‌లో గిన్నెలు తోమి వచ్చి, పప్పులో ఇంత సంబల్ కారం కలిపి నా ముందు పెట్టి, "మకాన్ సేసీ. బక్కచిక్కిపోనావు," అని తినమని కసిరేది. ఆ కలయిక నాకు అస్సలు నచ్చేది కాదు, అయినా తినేదాన్ని.

ఆమె నుదుట రూపాయి కాసంత బొట్టు. ఇంట్లో గొడవంతా దాని గురించే.

భర్త అప్పన్న సరుకుల ఓడలో పనిచేసేవాడు. అప్పటికి పన్నెండేళ్ళ క్రితం కొరియాలో పూసాన్ రేవులో దిగి ఊళ్ళోకి వెళ్ళాడు. ఓడ బయల్దేరే వేళకి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు, కబురూ లేదు. పన్నెండేళ్ళు జాడ లేని మనిషికి దర్భలతో బొమ్మ చేసి కర్మ చేసెయ్యాలని పంతులు చెప్పాడు. కొడుకు సిద్ధార్థ ఆదివారం ఆదివారం చోవా చూ కాంగ్ నుంచి వచ్చి అదే పాట పాడేవాడు. "ఎన్నాళ్ళమ్మా ఇలా? ఇనఫ్ లా. నాన్నకి ఒక దారి చూపించాలి కదా." ఆమె లేచి అద్దం ముందు బొట్టు దిద్దుకునేది. అతని మీద నాకు ఒళ్ళు మండేది, కానీ వెళ్ళేటప్పుడు అతని కళ్ళూ ఎర్రగానే ఉండేవి.

బుద్ధ పౌర్ణమికి ఇక్కడి కొరియా వాళ్ళ గుడిలో లాంతర్ల పండగని మాటల్లో చెప్పాను. ఆంటీ చేస్తున్న పని ఆపేసింది.

"ఆళ్ళ దేశంలోనే కదా పోనాడు. ఆళ్ళ దేవుణ్నే అడుగుదాం, రా."

సాయంత్రం గుడి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. తలల మీదుగా తాళ్ళు కట్టి వరసలు వరసలుగా కాగితం లాంతర్లు, ఒక్కోదాని కింద పేరు రాసిన చీటీ. మేం లాంతర్లిచ్చే బల్ల దగ్గరికి చేరేసరికి వెనక నుంచి ఒకటే తోపులాట. బల్ల వెనకున్న కొరియా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. బతికున్నవాళ్ళకైతే రంగు లాంతరు, పోయినవాళ్ళకైతే తెల్లది. మీకేది కావాలి?

ఆంటీ నా మొహంలోకి చూసింది. వెనక ఎవరో "ఫాస్టర్ లా" అన్నారు.

"తెల్లది," అంది ఆంటీ.

ఎవరి పేరిట అని అడిగారు. పాతకాలపు మనిషి, మొగుడి పేరు నోటితో చెప్పదు. నేనే చెప్పాను. ఆ అమ్మాయి కొరియా అక్షరాల్లో చీటీ రాసి కట్టి, లాంతరు లోపలికి పంపేసింది.

గేటు దాకా వచ్చి ఆంటీ ఆగిపోయింది. "తప్పు సేసీసినాను, నిఖిలా. బతికున్నోణ్ని సంపీసినాను. మార్పించీద్దాం రా."

జనానికి ఎదురు తోసుకుంటూ వెనక్కి వెళ్ళేసరికి బల్ల దగ్గర ఆ అమ్మాయి లేదు. తెల్ల లాంతర్లన్నీ ఒక్కచోటే కట్టారు. చీటీల మీదంతా కొరియా రాతే. అప్పన్నది ఏదో ఆమెకీ తెలీదు, నాకూ తెలీదు. మెడ పైకెత్తి ఒక్కో చీటీ తిప్పి చూసింది.

"మళ్ళీ ఈళ్ళ మద్దెనే తప్పిపోనాడు," అంది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడామె ఆ లాంతర్ల కింద నిలబడి, గొంతెత్తి, "అప్పన్నా" అని పిలిచింది. ఆ పేరు ఆమె నోట వినడం నాకదే మొదలు. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూసి పక్కకి జరిగారు. ఆమె చాలాసేపు అలాగే చెవి ఒగ్గి నిలబడింది.

"పలకనేదు," అంది చివరికి. "సిద్ధార్థకి పోన్ సెయ్యి. పంతుల్ని పిలుసుకోమను."