ఇప్ప చెట్టు లావు

అడవుల ఆఫీసుల చెట్ల లావు, కలప లెక్కలు కట్టేదాన్ని. ఓ మధ్యాహ్నం బహదూర్‌పురా బస్సుల పక్కసీటామె నా చేతుల టేపు చూసి, అదెందుకని అడిగింది. చెప్పిన.

"మా ఊరి అడివిల నేనో ఇప్ప మొక్క నాటిన అక్కా. పెండ్లయి ఇటొచ్చి ఇరవై ఏండ్లాయె, మళ్ల పోలే. ఇప్పుడెంత లావుంటది?"

"పక్కన వేరే చెట్లున్నయా?"

"చుట్టూ టేకు చెట్లే."

"అయితే వెలుతురు కోసం పొడుగు పెరుగుతది, మస్తు లావు గాదు. నీ రెండు చేతులకు అందుతది."

ఆమె చేతులు చాపి, లేని చెట్టును మెల్లగ దగ్గరికి తీసుకున్నది.

"మా అమ్మను బొందపెట్టిన కాడ నాటిన," అన్నది.

బహదూర్‌పురాల దిగిపోయింది. నా లెక్కలు చాలా తప్పినయి. ఆ ఒక్కటి మాత్రం నిజం కావాలని ఇప్పటికీ కోరుకుంట.