గులాబి వీపు మీద జొన్నపిండి

మొన్న సాయంత్రం మా వీధిలో పెళ్ళి ఊరేగింపు ఆగింది. కర్నూలులో ఇప్పుడు గుర్రం కనిపించేది పెళ్ళిళ్ళలోనే. పెళ్ళికొడుకు దిగి లోపలికి పోయాడు, బ్యాండువాళ్ళు బీడీలు ముట్టించారు, గుర్రం మా గేటు పక్కన నిలబడింది. చెమటకు తడిసిన కంబళి, పాత తోలు, నమిలిన గడ్డి, ఈ మూడూ కలిసిన వాసన వరండాలో కూర్చున్న నా దాకా వచ్చింది. లేచి వెళ్ళి, జీను వెనక వెన్నుకు ఇటూ అటూ బెత్తెడు దూరంలో రెండు వేళ్ళతో మెల్లగా నొక్కి చూశాను. గుర్రం తోలే కుర్రవాడు నవ్వాడు. "ఏం పెద్దాయనా, కొంటావా?" అన్నాడు. "లేదప్పా, నొప్పేమన్నా ఉండాదేమోనని చూస్తాండా" అన్నాను. అట్లా నొక్కి చూడటం నాకు నేర్పిన మనిషిని ఈ కాలం వాళ్ళు ఎరగరు. ఆమె పేరు రాహేలమ్మ.

ఆమె మా ఊరి చిన్న ఆసుపత్రికి నర్సు. ఒక సోమవారం పొద్దున, సంతకు పోయే జనంతో వీధి నిండి ఉన్న వేళ, ఆమె ఆసుపత్రి అరుగు అంచున నిలబడి తెల్లచీర కుచ్చెళ్ళను కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి నడుము దగ్గర గట్టిగా దోపుకున్నారు. గులాబి అనే ఎర్ర ఆడగుర్రం అరుగుకు ఆనుకొని నిలబడి ఉంది. ఆమె ఎడమకాలు రికాబులో పెట్టి, కుడికాలు గుర్రం మీదుగా అవతలికి వేసి, మగవాళ్ళు కూర్చున్నట్టే కూర్చున్నారు. మా వైపు ఏ ఆడమనిషీ అట్లా కూర్చోగా అప్పటిదాకా ఎవరూ చూడలేదు. బండ్లు ఆగిపోయాయి. పెరటి దారిన పోతే ఎవరి కంటా పడకుండా ఊరు దాటవచ్చు, ఆ సలహా నేనే ఇచ్చాను. ఆమె వినలేదు. గుర్రాన్ని నేరుగా చర్చి వీధిలోకి తిప్పారు.

చర్చికి ఎదురుగా సంఘపెద్ద జ్ఞానప్రకాశం గారి ఇల్లు. ఆయన అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు. గుర్రాన్ని చూశారు, దాని మీది మనిషిని చూశారు, లోటా నోటి దగ్గరే ఆగిపోయింది. రాహేలమ్మ గారు గుర్రం మీద నుంచే, ప్రతి రోజూ చెప్పినట్టే, "వందనాలయ్యా" అన్నారు. ఆయన నోటి నుంచి "వందనాలమ్మా" అని వచ్చేసింది. వచ్చాక నాలుక కరుచుకున్నారు. మందుల సంచి భుజాన వేసుకొని నేను ఆమె వెనక నడవాలి. ఆమె కాంపౌండరును నేను. పాతికేళ్ళవాణ్ణి, పెళ్ళయినవాణ్ణి, అయినా సిగ్గుతో ఇరవై అడుగులు వెనకబడ్డాను, ఆమెకూ నాకూ సంబంధం లేనట్టు. ఆమె వెనక్కి తిరిగి వీధంతా వినేటట్టు అన్నారు: "ఏమప్పా, వెనకబడితివి? గుర్రం నడుంనొప్పి నీకు పట్టుకున్యాదా?" సంత గంపల మధ్య ఎవరో ఆడమనిషి పకపకా నవ్వింది. నేను పరుగెత్తి కళ్ళెం పక్కకు చేరుకున్నాను. ఆ పూట నుంచి మళ్ళీ వెనకబడలేదు.

ఇదంతా రెండో ప్రపంచ యుద్ధం మొదలవక ముందటి మాట. మా ఊరు బనగానపల్లెకు తూర్పున, నల్లరేగడి మధ్యలో ఉంది. వాన పడితే ఆ నేలలో బండి చక్రం ఇరుసు దాకా దిగుతుంది, సైకిలు రెండు గజాలు పోయేసరికి మట్టి పట్టి తిరగదు. చుట్టూ పదకొండు పల్లెలకు మా ఆసుపత్రే దిక్కు. దాన్ని పెట్టిన తెల్లదొరసాని వయసు మీదపడి తన దేశానికి పోతూ, పనినీ, గులాబినీ, గులాబి జీనునూ రాహేలమ్మ గారికి అప్పగించి పోయారు. రాహేలమ్మ గారు కూలి చేసుకునే ఇంట్లో పుట్టారు. మిషన్ బడిలో చదువుకుని, భర్త పోయాక నర్సు పని నేర్చుకున్నారు. అప్పటికి నలభై దాటిన మనిషి. ఆ జీను దొరసానుల జీను. రెండు కాళ్ళూ ఎడమవైపే వేసుకుని, ముందున్న కొమ్ములాంటి దానికి కుడి మోకాలు తగిలించి కూర్చోవాలి. మా పెద్దలకు ఆ కూర్చోవటం చూస్తే గర్వంగా ఉండేది. మన ఇంటి ఆడమనిషి దొరసాని మాదిరి పోతుందని పొరుగూరి చుట్టాలకు చూపించేవాళ్ళు.

రెండేళ్ళు బాగానే నడిచింది. మూడో వేసవిలో గులాబికి ఏదో అయింది. జీను చేతిలోకి తీసుకుంటే చాలు చెవులు వెనక్కి పెట్టేది. ఆమె కూర్చోగానే వీపు కిందికి వంచేది. వాగు గట్టు దిగాలంటే నిలబడిపోయేది. ఒకరోజు తిరిగి ఆమె మోచెయ్యి కరిచింది. చూస్తే వీపు మీద పుండు లేదు, వాపు లేదు, వెంట్రుక కూడా రాలలేదు. దిష్టి అని ఎవరో మెడకు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టిపోతే, ఆమె వాటిని విప్పి వంటింట్లో ఇచ్చారు. డోన్‌లో జట్కా తోలే పెద్ద సాయిబు ఒకాయన వచ్చి చూసి, నడుము మీద వాతలు పెడితే పోతుందన్నాడు. ఆమె ఆయనకు మజ్జిగ ఇచ్చి పంపించారు. పశువుల డాక్టరు వెన్ను పొడుగునా నొక్కి చూసి, నొప్పేమీ లేదు, గుర్రానికి మొండితనం పట్టిందని చెప్పిపోయాడు. జ్ఞానప్రకాశం గారు ఆసుపత్రిని చూసుకునే సంఘం కమిటీ మాటగా చెప్పారు. వానలు మొదలయ్యేలోగా గుర్రం దారికి రాకపోతే అమ్మేస్తారు. నర్సు ఇక పల్లెలకు పోనక్కరలేదు, ఆసుపత్రిలోనే కూర్చోవచ్చు. "నీకూ సుఖమే గదమ్మా" అన్నారు ఆయన, నిజంగానే మేలు చేస్తున్నాననుకుని.

"కాన్పు నొప్పులు పడేది వాగు దాటి యాడికి వస్తాదయ్యా?" అన్నారు రాహేలమ్మ గారు.  వానలకు ఇంకా రెండు నెలలుంది.

మర్నాటి నుంచి ఆమె గులాబిని రోగిని చూసినట్టు చూడటం మొదలుపెట్టారు. పొద్దున్నే, జీను వేయకముందు, వీపు మీద పన్నెండు చోట్ల, రోజూ అవే చోట్ల, రెండు వేళ్ళతో నొక్కేవారు. నేను నోటుపుస్తకంలో రాయాలి. చెవి కదిలిందా, తోక విసిరిందా, తోలు వణికిందా, అంతే. నొప్పి అన్న మాట రాయకూడదు. "నొప్పి మనకు కనపడదు. చెవి కనపడతాది. అది రాయి" అనేవారు. వారం తిరగకముందే నాకు విసుగొచ్చింది. ఒక పొద్దున ఆమె వేరే రోగి దగ్గర ఉండి, నన్నే నొక్కి రాయమన్నారు. నేను గుర్రం దగ్గరికే పోకుండా "నిన్నటి లాగే" అని రాసి పుస్తకం మూసేశాను. సాయంత్రం ఆమె అది చదివారు. కోప్పడలేదు. "నిన్న మనం చూస్తిమి. ఈ పొద్దు ఎవరు చూసిరి?" అని అడిగారు.  ఆమె లాంతరు నా చేతికిచ్చి, గుర్రం దగ్గరికి నడిచారు.

పది రోజుల రాతలు వరసగా చదివితే ఒక వింత కనిపించింది. గులాబి కదిలేది రెండే చోట్ల. మెడ మొదట్లో కుడివైపు, నడుము దగ్గర ఎడమవైపు. వెన్ను మధ్యలో ఎక్కడా లేదు. డాక్టరు నొక్కింది ఆ మధ్యలోనే. జ్ఞానప్రకాశం గారికి పుస్తకం చూపిస్తే, "నొప్పి మూల నుంచి మూలకు పోతాదా ఎక్కడన్నా? మంచం నులక మాదిరి?" అని నవ్వారు. ఆమె కూడా నవ్వి, యాకోబు తాతకు కబురు పెట్టారు.

యాకోబు తాత మా సంఘంవాడే. చెప్పులు, బావి నీళ్ళు తోడే కపిలి తోలుసంచులు, ఎప్పుడన్నా జీన్లు కుట్టేవాడు. ఆయన వచ్చి గుర్రాన్ని చూడనే లేదు. చాటెడు జొన్నపిండి అడిగాడు. "సంగటి వండుతావా తాతా?" అంటే, "గుర్రమే వండి పెడతాది, చూడుండ్రి" అన్నాడు. గులాబి వీపు మీద పిండిని పలచగా, సమంగా జల్లి, కంబళి లేకుండా జీను మెల్లగా దించి కట్టాడు. రాహేలమ్మ గారిని ఎక్కి ఆవరణ చుట్టూ నాలుగుసార్లు తిరగమన్నాడు. దిగాక జీనును నిట్టనిలువుగా పైకెత్తాడు. పిండి చాలాచోట్ల జల్లినట్టే ఉంది. కుడి ముందర ఒకచోట, ఎడమ వెనక ఒకచోట మాత్రం రొట్టె కాల్చినట్టు అణిగి గట్టిపడి ఉంది. పుస్తకంలో రాసుకున్న చోట్లే.  మా చేతిరాతను గుర్రం వీపు మీద ఎవరో అచ్చు వేసినట్టు ఉంది.

"జీనులో ఉన్ని నింపి సరి చెయ్యి తాతా" అన్నారామె.

"చేస్తా తల్లీ. నెలకు మళ్ళా అట్లే అయితాది. కాళ్ళు రెండూ ఒకపక్కే ఉంటే ఒళ్ళు ఆ పక్కకు లాగుతాది. నువ్వు పడకుండా ఈ పక్కకు ఆనుకుంటావు. నడుమ నలిగేది అది. జీనులో తప్పు శానా లేదు. కూచునేదాంట్లో..." అని ఆయన ఆగిపోయి, చేతికి అంటిన పిండి దులుపుకుంటూ నేల చూడసాగాడు.

"మగోళ్ళ మాదిరి కూచోవాల. అంతే గదా? చెప్పేదానికి అంత సిగ్గెందుకు తాతా?"

"నేననలేదమ్మా. నువ్వే అంటివి" అన్నాడు యాకోబు తాత, పెద్ద బరువు దిగినట్టు.

మూడు వారాలు ఆమె గులాబి మీద ఎక్కలేదు. పల్లెలకు నడిచే పోయారు, ఎనిమిది మైళ్ళయినా సరే. ఈలోగా యాకోబు తాత ఒక పాత పోలీసు జీను సంపాదించి, విప్పి, ఉన్ని మార్చి, గులాబి వీపుకు సరిపోయేదాకా పిండి జల్లి జల్లి చూసి కుట్టాడు. నర్సమ్మ చీర వెనక్కి దోపి మగవాళ్ళ మాదిరి గుర్రమెక్కబోతోందన్న సంగతి ఊరికి తెలిసింది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక జ్ఞానప్రకాశం గారు ఆసుపత్రికి వచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు. మా పిల్లలను బడికి పంపించటానికి ఇంటింటికీ తిరిగిన మనిషి. "రాహేలమ్మా, ఆ కట్టు కట్టుకునేది చేలో కూలి చేసేటోళ్ళు. మనం దాన్ని దాటి రావడానికి శానా కష్టపడితిమి. నలుగురిలో నువ్వు మళ్ళా అట్ల కనపడితే, మన పిల్లల్ని ఏమంటారు?" అన్నారు. 

 ఆమె అన్నారు: "మా అమ్మ చచ్చేదాకా అట్లే కట్టుకున్యాదయ్యా. ఆ కట్టుతోనే కలుపు తీసి నన్ను చదివించింది. నాకు దాంట్లో సిగ్గు కనపడలేదు. గుర్రం మొయ్యలేకుంటే మాత్రం ఆ పదకొండు ఊర్లకు నేను పోలేను. అది సిగ్గు." ఆయన లేచి వెళ్ళిపోయారు. మర్నాడే ఆ సోమవారం.

ఊరు దాటాక మొదటి పల్లె పొలాల్లో ఆడవాళ్ళు చాళ్ళలో మిగిలిన పత్తికట్టెలు పీకుతున్నారు. గుర్రాన్ని చూసి అందరూ నడుము ఎత్తి నిలబడ్డారు. ఒక ముసలామె గట్టు దాకా నడిచి వచ్చి, రాహేలమ్మ గారిని పై నుంచి కింది దాకా చూసి, "మా మాదిరే కట్టినావే నర్సమ్మా!" అంది. "మీ మాదిరే అవ్వా. నేర్పింది మీరే గదా" అన్నారామె. ఆ మాట అన్నప్పుడు ఆమె వీపు ఎంత నిటారుగా ఉందో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. నేను పట్టుకున్న కళ్ళెం కూడా నాకు అప్పుడు గొప్పగా అనిపించింది. వాగు గట్టు దగ్గర గులాబి ఒక్క క్షణం ఆగి, మట్టిని వాసన చూసి, దిగింది.

నొక్కటం, రాయటం మరో ఆరు వారాలు సాగింది. చెవులు కదలటం తగ్గి, ఆగిపోయింది. చివరి రోజు నేను ఉత్సాహంగా, "జీను వల్ల వచ్చిన నొప్పి, జీను మార్చగానే పోయింది" అని రాశాను. ఆమె కలం తీసుకుని ఆ వాక్యం కొట్టేశారు. "మూడు వారాలు విశ్రాంతి గూడా ఇస్తిమి గదప్పా. దేనివల్ల పోయిందో నీకెట్ల తెలుసు? మొదటి రెండేండ్లు ఎందుకు రాలేదో తెలుసునా? మనం చేసిండేవన్నీ రాయి. తెలీనిది తెలీదని రాయి." ఆ తర్వాత నేను పత్రికలో చేరి చాలా ఏళ్ళు పనిచేశాను. కరువులు, ఎన్నికలు, రైలు ప్రమాదాలు రాశాను. ఆ చోటికి పోయి చూడకుండా రాసిన వార్త ఒక్కటి లేదు. ఇందుకు సంపాదకులు మెచ్చుకున్నప్పుడల్లా నాకు గుర్తొచ్చింది లాంతరు వెలుగులో గుర్రం వైపు నడిచిన ఆ మనిషే. నా వాక్యాల్లో నేటికీ ఎవరైనా కొట్టేయదగ్గది కనిపిస్తే, ఆమె కంటే ముందు నేనే కొట్టేస్తాను.

వానలు పడ్డాక కమిటీ కూడింది. గుర్రం బాగయింది కాబట్టి అమ్మే మాట లేదు. నర్సు గుర్రం మీద కూర్చునే తీరు సంఘానికి తగునా కాదా అన్నదే విషయం. చేతిరాత బాగుంటుందని కమిటీ తీర్మానాల పుస్తకం నా ముందు పెట్టారు. ఫిర్యాదు ఏమని రాయాలో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఒకాయన మొదలుపెట్టి కాళ్ళ దాకా వచ్చి దగ్గాడు. ఇంకొకాయన చీర దాకా వచ్చి నీళ్ళడిగాడు. రాహేలమ్మ గారు ఆ పూట లేరు, గులాబి మీద వాగు అవతల కాన్పుకు పోయారు. చివరికి జ్ఞానప్రకాశం గారు కిటికీలోంచి వానను చూస్తూ, "వాయిదా అని రాయప్పా" అన్నారు. రాశాను.

తర్వాత యుద్ధం వచ్చింది. నేను ఊరు వదిలాను. జ్ఞానప్రకాశం గారు పోయారు. రాహేలమ్మ గారు గులాబి ముసలిదయ్యేదాకా దాని మీదే తిరిగి, కొన్నేళ్ళకు ఆమె కూడా పోయారు. పోయిన ఏడాది ఆ ఊరికి వెళ్ళినప్పుడు ఇప్పటి పాస్టరు గారు బీరువాలోంచి ఆ తీర్మానాల పుస్తకం తీసి ఇచ్చారు. నా రాత అట్లాగే ఉంది: "విషయం వచ్చే సమావేశానికి వాయిదా." తర్వాతి పేజీలన్నీ తిప్పి చూశాను. బావి పూడిక, గంట తాడు, బడి పైకప్పు అన్నీ ఉన్నాయి. ఆడమనిషి గుర్రం మీద ఎట్లా కూర్చోవాలన్నది మాత్రం మా సంఘం ఈనాటికీ తేల్చలేదు.