ముప్పై ఏడు పరీక్షలు

ఆ బగ్ వల్ల నాకు పోయినవి పదకొండు ఆదివారాలు, ఒక హార్డ్ డిస్క్, మా బావ దగ్గరున్న చనువు.

పెందుర్తిలో బావ పాత కంప్యూటర్ మీద క్రేన్ భాగాల డ్రాయింగులు గీస్తాడు. తెర మీద గీతల మధ్య నల్ల మచ్చలు వచ్చేవి. ఆ బగ్ ఉన్నది తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ డ్రైవర్ అనే ప్రోగ్రాంలో. అది ఓపెన్ సోర్స్, ఎవరైనా దిద్దవచ్చు. నేను దాన్ని మార్చి పంపిన ప్రతిసారీ బావ తన పని ఆపి పరీక్షించాడు. చివరికి మచ్చలు పోయాయి.

దిద్దుబాటు కింద పరీక్షించినవారి పేరు రాయడం ఆ డ్రైవర్ మీద పనిచేసేవాళ్ల ఆనవాయితీ. నేను "ముప్పై ఏడు పరీక్షలు జరిగాయి" అని రాశాను.

"లెక్క బానే ఎట్టినావు బావా. మరి సూసినోడేడి?" అన్నాడు బావ అది చదివి.

అప్పటినుంచి నన్ను "మీరు" అంటున్నాడు. డ్రైవర్‌లో చేరిపోయిన దిద్దుబాటు కింద ఇక ఏమీ రాయనివ్వరు. బావకు నేనింకా ఒక్క పంక్తి బాకీ.