పై పూత

మేస్త్రి భార్యను ఆ వీధిలో అందరూ ఎడంచేతి అక్క అంటారు. అన్నం తినడానికి తప్ప ఏ పనికైనా ఆవిడకు ఎడమచెయ్యే ముందుకొస్తుంది. మేస్త్రిది పాత బల్లలకూ బీరువాలకూ తలుపులకూ పాలిష్ పెట్టే పని. ముప్పై ఏళ్ళుగా అక్క కూడా ఆయన వెంటే వెళ్తోంది. పాత పూత గీకెయ్యడం, ఉప్పుకాగితంతో రుద్దడం, చెక్కిన పువ్వుల సందుల్లో మురికిని పుల్లతో తియ్యడం, పగుళ్ళు పూడ్చడం, ఇవన్నీ అక్క వంతు. ఇక లక్కను స్పిరిట్‌లో కరిగించి, దూది పెట్టి చుట్టిన గుడ్డ ముద్దతో వేసే పై పూత మాత్రం మేస్త్రిది. అక్క దాన్ని ముట్టుకోకూడదు. ఎడమచేత్తో వేస్తే పూత ఎదురు తిరుగుతుందట. ఎందుకు తిరుగుతుందో ఆయన్నే అడగాలి. అడిగే ధైర్యం ఎవరికుంది? ఆయన కోపం ముక్కు మీదే కాపురముంటుంది.

రెండేళ్ళ కిందట ఆయన లక్కను తిట్టడం మొదలుపెట్టాడు. లక్కలో కల్తీ ఎక్కువైందన్నాడు. తర్వాత స్పిరిట్ అమ్మేవాడు నీళ్ళు కలుపుతున్నాడన్నాడు. ఆ తర్వాత కిటికీలను తిట్టాడు, ఇళ్ళు కట్టేవాళ్ళకు వెలుతురంటే ఏమిటో తెలియదని. ఒకరోజు ఒకరింట్లో అద్దం బల్ల పూర్తి చేసి, చేతులు తుడుచుకుని, "చూడవే, నిగనిగలాడుతోంది" అన్నాడు. అక్క చూసింది. ఒక మూల లక్క జిగురులా పేరుకుపోయి ఉంది. ఇంకో మూల చెయ్యే తగల్లేదు. నడుమ అడ్డంగా చారలు.

లోపం లక్కలో లేదు, ఆయన కళ్ళలో ఉంది. శుక్లాలు. ఇంటికొచ్చిన కూతురు ఆ మాట అననే అంది. "నాన్నా, ఒకసారి చూపించుకోకూడదూ?"

"నా కళ్ళకేం రోగం? ఆపరేషన్ చేయించుకుని ఉన్న కన్నూ పోగొట్టుకున్న వడ్రంగి నాకు తెలుసు. చేతిలో గుడ్డ ముద్ద కింద పెట్టిన రోజు నేను మనిషిని కాదు. ఆ రోజు నన్ను మంచానికి కట్టేసి పోండి."

అక్కకు ఆ మాట లోపల ముల్లులా దిగబడింది. ఎందుకంటే ఆయన ఊరికే అనే రకం కాదు. పని తప్ప వేరే ధ్యాస లేని మనిషి. తన చేతి పని ఇలా ఉందని తెలిస్తే నిజంగానే మంచమెక్కుతాడు. అలాగని చూస్తూ ఊరుకుంటే, ఇంత కాలం సంపాదించిన పేరు నెల తిరక్కుండా గంగలో కలుస్తుంది.

అందుకని అక్క ఒక ఉపాయం పన్నింది. పని అయ్యాక ఇంటివాళ్ళను పక్కకు పిలిచి, "పూత ఆరడానికి వారం పడుతుందమ్మా. అప్పుడొచ్చి మైనం రుద్ది వెళ్తా. అంతవరకు ఏమీ అనుకోకండి" అనేది. వారం తర్వాత, చెల్లెలికి మోకాళ్ళ నొప్పులని మేస్త్రితో చెప్పి, సంచిలో లక్క సీసా, స్పిరిట్, పాత గుడ్డలు సర్దుకుని బయల్దేరేది. స్పిరిట్ తడితో ఆ చారల్ని కరిగించి, పేరుకున్నచోట తీసి, తప్పినచోట నింపి, పల్చగా పూత మీద పూత వేసేది. మొదటి ఇంట్లో తల ప్రాణం తోకకొచ్చింది. ముద్ద ఒకచోట ఆగితే చాలు, గుడ్డ అతుక్కుని ఊడొచ్చేది. మూడో ఇంటికల్లా ఎంత తడి కావాలో, ఎంత నొక్కాలో వేళ్ళకు తెలిసిపోయింది. ముప్పై ఏళ్ళు పక్కన కూర్చుని చూసింది ఊరికే పోతుందా మరి.

"మీ చెల్లెలి మోకాళ్ళు మన పని అయిన వారానికే నొప్పి పుడతాయేంటే?" అన్నాడు మేస్త్రి ఒకసారి.

"వాటికి వారాలు తెలుసా వర్జ్యాలు తెలుసా?" అని అక్క సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

అలా పదకొండిళ్ళు గడిచాయి. పన్నెండోది పుస్తకాల మేష్టారిది. అద్దాల తలుపులున్న నిలువెత్తు పుస్తకాల బీరువా. మేస్త్రి పూత వేసిన మర్నాడే మేష్టారూ భార్యా ఇంటికి తాళం పెట్టి కూతురి దగ్గరికి వెళ్ళారు, ఆ అమ్మాయి పురిటికి. నాలుగు నెలలైనా రాలేదు. అక్క పది సార్లు వెళ్ళి ఆ తాళం చూసి వెనక్కి వచ్చింది.

ఈలోగా మేస్త్రి పరువు మీదికి వచ్చింది. కొత్తగా పని మాట్లాడుకోవడానికి ఒకరింటికి వెళ్ళి, కొక్కేనికి తగిలించిన కోటుకు నమస్కారం పెట్టి, "బాగున్నారా బాబుగారూ" అన్నాడు. కోటు పలకలేదు. వెనక నిలబడ్డ అసలు బాబుగారూ ఆయన పిల్లలూ పడీ పడీ నవ్వారు. కూతురు ఏడాదిగా చెప్పి సాధించలేనిది ఆ కోటు ఒక్క పూటలో సాధించింది. మర్నాడే మేస్త్రి ఆసుపత్రి మెట్లెక్కాడు. నెల గ్యాపులో రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది.

చూపు బాగా వచ్చింది. రాగానే మనిషికి ఇంట్లో కాలు నిలవలేదు. "ఈ రెండేళ్ళూ చేసిన పనులన్నీ ఒకసారి చూసి రావాలే. ఎక్కడైనా తేడా ఉంటే సరిచేసి రావద్దూ?" అన్నాడు. అక్క వద్దంటే ఎందుకంటాడు. అందుకని తనూ వెంట వెళ్ళింది.

మొదటి ఇంట్లో అద్దం బల్ల మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు. వంగి, వెలుతురుకు ఏటవాలుగా చూశాడు. రెండో ఇంట్లో తలుపు, మూడో ఇంట్లో ఊయల బల్ల, అన్నీ తిరిగాడు. దారిలో ఛాతీ విరుచుకుని నడిచాడు. "చూశావా? కళ్ళు పోయినా చెయ్యి మోసం చెయ్యలేదు. దీన్నంటారు పనితనమని."

అక్కకు సంతోషమే, ఆయన మంచమెక్కలేదు కదా. కడుపు మండిన మాట కూడా నిజమే. "అవునవును" అంది.

పదకొండిళ్ళూ చూశాక ఆయన మేష్టారి వీధి వైపు తిరిగాడు. "వాళ్ళింకా రాలేదయ్యా" అని అక్క అడ్డం పడింది. "నిన్న కూరగాయల దగ్గర కనిపించారు" అన్నాడాయన ఆగకుండా. అక్క వెనకే నడిచింది.

మేష్టారింట్లో బీరువా మీద దుప్పటి కప్పి ఉంది. "దుమ్ము పడుతుందని" అన్నారు మేష్టారు, కిటికీలోంచి బయటికి చూస్తూ. మేస్త్రి దుప్పటి లాగాడు. తలుపుల నిండా చారలు. కారిన లక్క కన్నీటి బొట్లలా గడ్డకట్టి ఉంది. ఒక పక్కంతా పూతే లేదు, ఉత్త చెక్క.

మేస్త్రి వేలితో ఒక చారను పైనుంచి కిందికి రాశాడు. "ఇది నేనే చేశానా మేష్టారూ?"

"మీరే. బాగానే ఉందిగా" అన్నారు మేష్టారు మొహమాటంగా.

"రేపొచ్చి సరిచేస్తాం" అని మేస్త్రి బయటికి నడిచాడు.

ఇల్లు చేరాక గుమ్మంలో చెప్పులు విడిచి, అరుగు మీద కూలబడి, అప్పుడు అడిగాడు. "అయితే మీ చెల్లెలి మోకాళ్ళు రాళ్ళలా ఉన్నాయన్నమాట."

అక్క తల ఊపింది.

"పదకొండూ నువ్వేనా?"

"నేనే."

"చెప్పొచ్చుగా."

"చెప్తే మంచమెక్కుతానన్నది ఎవరు? నువ్వు పడుకుంటే నేనెట్లా చూడగలను?" అక్క లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ పెట్టిన అన్నం మేస్త్రి తిన్నాడు. కారం ఎక్కువైందని కూడా అనలేదు. ఇక ఈయన మంచం దిగడని అక్క తెల్లవార్లూ భయపడుతూనే ఉంది.

తెల్లారి లేచి చూస్తే మంచం ఖాళీ. మేస్త్రి అరుగు మీద కూర్చుని ఉప్పుకాగితాన్ని ముక్కలుగా చించుతున్నాడు. సంచి సర్ది ఉంది. అందులో లక్క సీసా, స్పిరిట్ పక్కన కొత్తగా చుట్టిన గుడ్డ ముద్ద ఒక్కటే ఉంది. దాన్ని తీసి ఆవిడకు అందించాడు.

"పద, మేష్టారింటికి. గీకడం, రుద్దడం నేను చూసుకుంటా. పూత నువ్వు వెయ్యి."

"అదేంటి? ఇప్పుడు నీ కళ్ళు బాగానే కనిపిస్తున్నాయిగా."

"కనిపిస్తున్నాయి కాబట్టే చెప్తున్నా."