రైట్ అన్న పాపానికి

ఓడిపోయేవాడికి ఇంత గిరాకీ ఉంటుందని రైట్‌రైట్ గారికి అరవై దాటాక గానీ తెలియలేదు. బస్సు కండక్టరుగా పనిచేసినన్నాళ్ళూ బండి ఆపాలంటే "హోల్డాన్", కదలాలంటే "రైట్, రైట్" అని గొంతు చించుకున్న మనిషి. ఉద్యోగం వదిలింది గానీ మాట వదల్లేదు. కూరలో ఉప్పు మరిచానని భార్య చెప్పినా రైటే, షుగరు పెరిగిందని డాక్టరు చెప్పినా రైటే. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదోనని కొండవీధి వాళ్ళు వేళాకోళమాడేవారు.

ఆ వీధి చివరిదాకా ఒకప్పుడు ఆయన బస్సే వెళ్ళేది. గిట్టుబాటు కావడం లేదని ఆపేశారు. అప్పటినుంచి జనం కింది స్టాపులో దిగి, సంచులు మోసుకుంటూ, ఆయాసపడుతూ ఎక్కుతున్నారు. ఆ బస్సు మళ్ళీ రావాలన్న ఒక్క కోరికతో ఆయన వార్డు ఎన్నికల్లో దిగాడు. బస్సు దిగితే బయటపడతాం, బరిలో దిగితే ఇరుక్కుంటామని అప్పటికింకా ఆయనకు తెలియదు. టికెట్టు ఇప్పించింది స్వయానా బావమరిది, పార్టీ పట్టణ కార్యదర్శి. పోటీలో ముగ్గురు. పాత కౌన్సిలరు ముందున్నాడు, లాయరమ్మ ఆయన వెన్నంటే ఉంది, మనవాడు ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నాడు. బస్సు ఊసెత్తింది మాత్రం మనవాడొక్కడే.

మొదట్లో పార్టీ ఆఫీసుకు వెళ్తే కూర్చోమన్న నాథుడు లేడు. ఈలోగా పైనాయకులు లాయరమ్మ పార్టీతో చేతులు కలిపారు. ఇక చూడాలి మర్యాదలు! ఎన్నడూ పలకరించని వాళ్ళు భుజం మీద చెయ్యేసి ఆరోగ్యం అడిగారు. బావమరిది ఆయన్ని వెనక గదిలోకి తీసుకెళ్ళి, పోస్టర్ల చుట్టలు పక్కకు జరిపి, ఉన్న ఒక్క మంచి కుర్చీలో కూర్చోబెట్టాడు. బావ తప్పుకుంటే ఆ ఓట్లన్నీ గంపగుత్తగా లాయరమ్మకు పడతాయనీ, కౌన్సిలరు ఇంటిదారి పడతాడనీ, బావకు కార్మిక విభాగంలో పదవి ఖాయమనీ చెప్పుకొచ్చాడు. రైట్‌రైట్ గారు ప్రతి ముక్కకూ తలాడిస్తూ "రైట్, రైట్" అన్నాడు.

సాయంత్రానికి మైకు బండి వచ్చింది. పెద్దమనసుతో పోటీ నుంచి తప్పుకున్న రైట్‌రైట్ గారికి ధన్యవాదాలు అంటూ ఆయన గుమ్మం ముందునుంచే వెళ్ళింది. చేతిలో కాఫీ గ్లాసుతో నిలబడి, తన చావుకబురు తానే విన్నట్టు విన్నాడాయన.

కోపం రాలేదని కాదు. కానీ కోపం కంటే ముందు ఒక సందేహం ఆయన్ని పట్టుకుని పీడించింది. నా ఓట్లు లాయరమ్మకే పోతాయని వీళ్ళకెవరు చెప్పారు? ఎక్కడికని అడక్కుండా ఆయన ఏనాడూ ఎవరికీ టికెట్టు చింపలేదు. అందుకే తెల్లారగానే చెప్పులేసుకుని బయల్దేరి, నేను దిగిపోతే మీరెక్కడికని ఇంటింటా అడిగాడు. కుట్టుమిషను అక్కగారు లాయరమ్మకే అంది. ఇస్త్రీ బండి అతను కాస్త నసిగి, కౌన్సిలరుకేనన్నాడు. పైగా ఏమీ అనుకోవద్దని బతిమాలాడు. ఎవరి స్టాపు వాళ్ళదే కదా అనుకుని, ఆయనేమీ అనుకోలేదు.

చివరి ఇంట్లో ముసలమ్మ గడప మీద కాళ్ళు చాపుకుని ఉంది.

"ఓట్లు వేసేది కింద బడిలో కదా నాయనా. నీకోసమైతే దేక్కుంటూనైనా దిగుతాను. వాళ్ళకోసం ఈ మోకాళ్ళతో నేను దిగను."

ఆయన పక్కనే కూలబడి, ఆ మోకాళ్ళకేసి చూసి లేచాడు. ఇంటికొచ్చి భార్యనూ అదే అడిగితే, ఓటు సంగతి కట్టుకున్నవాడికైనా చెప్పకూడదని ఆవిడ చాట తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

మైకు ఎంత అరిచినా, పోటీ నుంచి తప్పుకుంటున్నట్టు కాగితం మీద ఆయన సంతకం పడాలి. ఆ మధ్యాహ్నంతో గడువు సరి. ఎన్నికల ఆఫీసు వరండాలో బావమరిది పెన్ను మూత తీసి మరీ నిలబడ్డాడు.

"పెట్టు బావా. నా ముందే కదా రైట్ అన్నావు."

"అన్నాను. రైట్ అంటే దిగమని కాదురా, బండి పోనివ్వమని."

బావమరిది ముఖం మాడిపోయింది. ఎలాగూ ఓడతావన్నాడు, పార్టీలోంచి గెంటేస్తారన్నాడు, తన పరువు పోతుందన్నాడు, చివరికి అక్క ముఖం చూసైనా ఒప్పుకోమన్నాడు. "రైట్," అనేసింది ఆయన పాడు నోరు. పెన్ను ముందుకొచ్చింది.

"హోల్డాన్," అన్నాడు వెంటనే. కాగితం మడిచి, బావమరిది జేబులోనే జాగ్రత్తగా పెట్టాడు.

పొద్దు వాలకముందే పార్టీ ఆయన్ని బహిష్కరించింది. కొండెక్కి ఇల్లు చేరేసరికి భార్య కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తమ్ముడు ఫోన్ చేశాడట; ఇక ఈ గడప తొక్కనన్నాడట. తోడబుట్టినవాణ్ణి దూరం చేశానే అని ఆయన మనసు చివుక్కుమంది. చెప్పులు విప్పి మెట్టు మీదే కూర్చున్నాడు.

ఆవిడ మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చింది.

"పొద్దున అడిగారుగా, నా ఓటెక్కడికని. లాయరమ్మకే వెయ్యాలని వాడు నా దగ్గర మాట తీసుకున్నాడు."

"నువ్వేమన్నావు?"

"రైట్ అన్నాను."