మ్యూట్ చేసిన ట్రాక్

ఖతార్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జరిగిన మరుసటి వేసవిలో నన్ను దోహా పక్కనే ఉన్న లుసైల్‌లోని ఒక రికార్డింగ్ స్టూడియోకి చీఫ్ ఇంజనీరుగా వేశారు. అంతకుముందు మద్రాసులోనూ హైదరాబాదులోనూ సినిమా పాటలు రికార్డు చేసినవాణ్ణి. దోహా వచ్చాక అన్నీ ప్రకటనలు, ప్రసంగాలే. అందుకే పది పాటల ఫ్రెంచి ఆల్బం వచ్చిందనగానే ప్రాణం లేచొచ్చింది.

గాయని పేరు లీనా. పంతొమ్మిదేళ్లు. దోహాలో పెరిగిన లెబనాన్ పిల్ల. అరబ్బీ పాటలతో అప్పటికే ఫోన్లలో పేరు తెచ్చుకుంది గాని, ఫ్రెంచి అంతంతమాత్రం. అందుకని ఆల్బం కంపెనీ వాళ్లు మొరాకో నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక పెద్దావిణ్ణి కుదిర్చారు. ఆవిడ ఫ్రెంచి చెప్పేది, ఒకప్పుడు పాడేది కూడా. అందరం మేడమ్ అనేవాళ్లం. మైకు పక్కన కుర్చీ వేసుకుని, లీనాకి ఒక్కో మాటా పలికించేది. నేను పెట్టే సౌండ్ లెవెల్స్ మీద కూడా వంకలు పెట్టేది. సగం వంకలు నిజమే.

మన సినిమా పాటల్లో ట్రాక్ పాడటమని ఒక పద్ధతి ఉంది. అసలు గాయకుడు వచ్చేలోపు మరొకరు పాటంతా పాడి పెడతారు. ఆయన దాన్ని హెడ్‌ఫోన్‌లో వింటూ తన గొంతుతో పాడతాడు. తర్వాత మొదటి గొంతు తీసేస్తాం. ఇక్కడా అలా చేద్దామన్నది నేనే. మేడమ్ పది పాటలూ పాడి పెట్టింది. ఆ నెల తిరక్కుండానే గుండెపోటుతో పోయింది.

లీనా బాగా ఏడ్చింది. పని మాత్రం ఆపలేదు. చిక్కల్లా ఏమిటంటే, చెవిలో మేడమ్ గొంతు లేకపోతే ఆ పిల్లకి గొంతు పెగలడం లేదు. ఇంతలో కంపెనీ తరఫున పారిస్ నుంచి ఒకావిడ వస్తుందని, ఆవిడ ఎదుట ఏ ఊతమూ లేకుండా పాడి వినిపించాలని కబురొచ్చింది. పాడలేకపోతే ఇవే పాటలు మరో అమ్మాయి చేత పాడిస్తారు. ఆ సంగతి లీనాకీ తెలుసు.

నా దగ్గరున్న ఉపాయం ఒకటే. చంటిపిల్లకి పాలు మాన్పించినట్టు, టేకు టేకుకీ హెడ్‌ఫోన్‌లో మేడమ్ గొంతు కాస్త కాస్త తగ్గిస్తూ పోయాను. లీనాకి చెప్పలేదు. చెబితే బిగుసుకుపోతుంది. చివరి పాట నాటికి ఆ ట్రాక్‌ని పూర్తిగా మ్యూట్ చేశాను. అంటే కంప్యూటర్‌లో ఉంటుంది గాని వినిపించదు. అంతటితో ఊరుకోకుండా, హెడ్‌ఫోన్ పెట్టెకి ఆ గొంతు వెళ్లే కేబుల్ కూడా పీకించాను. పీకింది మా టెక్నీషియన్ జబ్బార్, నిజామాబాద్ మనిషి.

లీనా ఆ పాట ఒక్క టేకులో పాడేసింది. రెండో చరణం చివర నడక కాస్త నెమ్మదించి, మళ్లీ తాళం అందుకుంది. అంత బాగా అంతకుముందెప్పుడూ పాడలేదు. పాడే అద్దాల బూత్‌లోంచి బయటికొచ్చి, నీళ్లు తాగుతూ, మాకు అలవాటైన ఇంగ్లీషులో మామూలుగా అడిగింది.

"అంకుల్, రెండో చరణంలో మేడమ్ ఇవాళ నెమ్మదించింది కదా, అందుకే నేనూ నెమ్మదించాను. రోజూ అలా పాడదేం?"

బాగా పాడావమ్మా అని పంపించేసి, మేడమ్ ట్రాక్ తెరిచి విన్నాను. అందులో ఎక్కడా నెమ్మదించలేదు. అంటే ఆ పిల్ల విన్నది మేం రికార్డు చేసిన గొంతు కాదు. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను భయపడిందల్లా స్పీకర్లలో వచ్చే కరెంటు రొదకే. కానీ ఆ మిట్టమధ్యాహ్నం, బయట ఎండ మండిపోతుంటే, నాకు ఒళ్లు జలదరించింది. అద్దం అవతల ఉన్న మేడమ్ ఖాళీ కుర్చీ వైపు చూడబుద్ధి కాలేదు.

జబ్బార్‌ని పిలిచి చెప్పాను. అతను జేబులోంచి కేబుల్ తీసి బల్ల మీద పెట్టాడు.

"కనెక్షనే మాఫీ సార్. కేబుల్ నా తాననే ఉంది. మరి గా పిల్ల చెవుల ఎవరు పాడిండ్రు?"

మాఫీ అంటే ఇక్కడి అరబ్బీలో లేదని అర్థం. ఆ పిల్లకి ఉన్నమాట చెప్పేయాలని, చెప్పకపోతే పాపమని అతని వాదన. చెబితే భయపడుతుందని, పాటతోబాటు ఆల్బమూ పోతుందని నా వాదన. చివరికి నా మాటే నెగ్గింది. ట్రాక్‌ని చెరిపేద్దామనుకున్నాను గాని చెయ్యి రాలేదు.

పారిస్ ఆవిడ వచ్చిన రోజు లీనాకి హెడ్‌ఫోన్ కూడా లేదు. సంగీతం చిన్న స్పీకర్‌లోంచి వస్తోంది. మేడమ్ ట్రాక్ ఉండదని ముందే చెప్పాను. మొదటి పాటలో గొంతు వణికింది, తర్వాత కుదుటపడింది. చివరి పాట రెండో చరణంలో మళ్లీ అదే చోట నెమ్మదించింది. ఈసారి తల తిప్పి మైకు పక్కన ఉన్న ఖాళీ కుర్చీ వైపు చూస్తూ పాడింది. పాట అయ్యాక పారిస్ ఆవిడ, ఈ పాటలు ఇంకెవరికీ ఇవ్వక్కర్లేదని చెప్పింది.

వరండాలో లీనాని నిలబెట్టి, పాడుతుంటే ఏమైనా వినిపించిందా అని అడిగాను.

"లేదంకుల్. ఇవాళ మేడమ్ పాడలేదు. కూర్చుని విన్నది," అంది.

ఆ సాయంత్రమే మేడమ్ ట్రాక్‌ని కంప్యూటర్‌లోని సెషన్ ఫైల్లోంచి తీసేశాను. మ్యూట్ బటన్ మన యంత్రం ఏం పంపుతోందో చెబుతుంది. బూత్‌లో మనిషి ఏం వింటున్నదీ దానికి తెలియదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరు పాడటానికి వచ్చినా, ముందు హెడ్‌ఫోన్ పెట్టి ఏం వినిపిస్తోందని అడిగేవాణ్ణి. ఏమీ లేదన్నాకే రికార్డు బటన్ నొక్కేవాణ్ణి.