శోకానికి చప్పట్లు

పునీత రోకో పండగనాడు మా ఊరి చర్చి ముందు ఆంజా ఒక జగడం గెలిచింది. అప్పటికి దానికి ఇరవై నిండలేదు, చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో పాడుతుండేది. పండగ పెద్ద స్తీపే దాన్ని జనం గొర్రెమాంసం తినే వేళ పాడమన్నాడు. అందరూ ఆడటానికి లేచే ఆఖరి వేళ మాత్రం స్ప్లిట్ పట్నం నుంచి తెప్పించిన బ్యాండుకి ఇచ్చాడు.

"ఎముకలు నమిలేవాళ్ళకి నేను పాడాలా మామయ్యా?"

"నీ పాటకి ఎముకలే ఎక్కువ. ఎక్కు, ఎక్కు."

అది ఎక్కలేదు. తిన్నగా వాళ్ళింటికి పోయింది. మైకులకి కరెంటు వాళ్ళ వంటింటి కిటికీలోంచే తీగ లాగి తెచ్చారు. ప్లగ్గు పీకి, చేత్తో పట్టుకుని, కిటికీ మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది.

"ప్లగ్గు పెట్టవే దయ్యమా!"

"ఆఖర్న పాడేదెవరో అరిచి చెప్పు మామయ్యా. మైకు లేదుగా, గట్టిగా అరవాలి."

స్తీపే గొంతు చించుకుని అరిచాడు. గెలిచింది సరే, గెలిచి ఏం పాడిందో వినండి.

అంతకు ముందు చలికాలంలోనే వాళ్ళ నాన్న పోయాడు. శవం ఇంట్లో ఉండగా వాళ్ళమ్మ మాండా శోకం తీసింది. మా కొండల్లో పోయినవాళ్ళని పిలుస్తూ, వదిలిపోతున్నందుకు తిడుతూ అయినవాళ్ళు తీసే శోకం అది. శవం ముందు తప్ప ఆ మాటలు ఎవరూ పలకరు. పలికితే చావుకి ఇంకొకరిని చూపించినట్టే. ఈ మహాతల్లి ఆ శోకాన్ని డ్రమ్ముల మీదికి ఎక్కించి, నడుము తిప్పుతూ పాడింది. "గుమ్మం దాటకు నా సూర్యుడా" అని అమ్మ మొగుడి శవం మీద పడి ఏడ్చిన మాటకి కుర్రాళ్ళు ఈలలు వేశారు. ముసలివాళ్ళు శిలువ గుర్తు వేసుకున్నారు. వాకిట్లో నిలబడ్డ మాండా నల్ల తలగుడ్డ మొహం మీదికి లాక్కుని లోపలికి పోయి తలుపేసుకుంది.

ఆ పాటే దాని బతుకంతా. జాగ్రెబ్‌లో రికార్డు చేశారు, ఆంజా కాస్తా ఆంజెలా అయింది. మా దగ్గర ఎర్రటోపీ పెళ్ళికాని పిల్లలు పెట్టుకునేది. ఇద్దరు మొగుళ్ళు మారినా టీవీలో దాని నెత్తిన ఆ టోపీ మారలేదు. పాట ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, "మా అమ్మమ్మ ఒళ్ళో" అని కళ్ళు తుడుచుకునేది. వాళ్ళ అమ్మమ్మ గింజలేసి పిలిస్తే కోళ్ళు పారిపోయేవి, ఈ చెవులతో విన్నాను. ఒక ఏడు అకార్డియన్‌తో పాడింది, ఇంకో ఏడు మిషన్ డప్పుతో. చివరికి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో గుంపుగా పాడే మగవాళ్ళని వెనకాల వరసగా నిలబెట్టి ఊళలు వేయించింది. దేశమంతా పెళ్ళిళ్ళలో చావు శోకానికి గంతులేసింది. వాళ్ళకీ బుద్ధి లేదు. తర్వాత అదీ పాతబడి, కొత్త దుకాణాలు తెరిచేచోట సాసేజీల బల్ల పక్కన నిలబడి పాడింది.

ఒకరోజు నేనూ మాండా పాలకూర రొట్టె పొయ్యి బూడిద కింద కాలుస్తున్నాం. రేడియోలో ఆ పాటే.

"లూత్సా, నేను పోతే నాకెవరు శోకం తీస్తారే?"

"కూతురుందిగా."

"అది నోరు తెరిస్తే జనం ఆడతారు."

"నేను తీస్తాలే."

"ఊళ్ళో నీ అంత బాగా తీసేది లేదు, తెలుసు. కానీ నువ్వు నా కడుపున పుట్టలేదుగా. కన్నబిడ్డ పిలవకపోతే పైకి పోయే దారిలోనే నిలబడిపోతాను."

రొట్టె మీద వెల్లుల్లి నూనె రాసింది.

మొన్న ఫిబ్రవరిలో, ఇంటి పెంకులు ఎగిరిపోయే ఉత్తరపు గాలిలో, మాండా పోయింది. ఆంజా నల్ల కళ్ళద్దాలు, ఎర్ర పెదాలతో దిగింది. శవపెట్టె పక్కన నిలబడి శోకం మొదలుపెట్టింది. "గుమ్మం దాటకు నా..." రెండో ముక్కకి కాలు నేలమీద తాళం వేసింది. నడుము దానంతట అదే ఊగింది. గోడవార నిలబడ్డ బంధువొకడు చప్పట్లు కొట్టబోయి, ఒకటి కొట్టేసి, చేతులు జేబుల్లో దాచుకున్నాడు. ఎవరో దగ్గులా నవ్వారు.

అది ఆపేసింది. నేను వచ్చినవాళ్ళకి జున్ను, ఎండుమాంసం కోస్తుంటే వంటింట్లోకి వచ్చింది. ఆ పాత కిటికీ పక్కనే నిలబడింది.

"పిన్నీ, నాకు రావట్లేదు."

"ఇన్నాళ్ళూ దేశమంతా వచ్చిందిగా!"

"తాళం లేకుండా రావట్లేదు."

"మైకు తెప్పించనా? ప్లగ్గు ఎక్కడుందో నీకు తెలుసు."

"తిట్టు పిన్నీ, తర్వాత తిట్టు. లోపల అమ్మ ఎదురు చూస్తోంది."

కళ్ళద్దాలు తీసింది. రంగంతా కారి, చూడటానికి మొహంలా లేదు.

"నువ్వు తియ్యి. నేను పక్కన నోరు మూసుకుని నిలబడతాను. కూతురు పిలిచినట్టే అమ్మా అని పిలువు. పిలుస్తున్నది నేనేనని నా పేరు కూడా చెప్పు."

"ఏ పేరు చెప్పమంటావు? రికార్డు మీదదా?"

"కాదు పిన్నీ. ఆంజా పిలుస్తోందని చెప్పు."